కొరికి వదిలితే జివ్వుమంది

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు. డబ్బాలో మిగిలిన చెగోడీ ఒకటి నోట్లో వేసుకుని కొరికిందామె. కటుక్కుమంది. అరచేతిలోకి ఉమ్మి చూస్తే చెగోడీ ముక్కల మధ్య నల్లబడ్డ సిల్వర్ ఫిల్లింగ్ తునక, దానితో పాటు పన్ను పెచ్చు.

కుడివైపు కింది దవడ పన్ను అది. పెళ్లికి ముందెప్పుడో పుచ్చితే పూడిపించుకుంది. రెండు నెలలుగా జివ్వుమంటోంది. అదీ కొరికినప్పుడు కాదు, కొరికి వదిలినప్పుడు. లవంగం పెట్టుకుని, మాత్ర వేసుకుని నెట్టుకొచ్చింది.

ఇంట్లో తలో మాట.

“వేలకు వేలు పోసి రూట్ కెనాల్ ఎందుకు? పీకించేస్తే పీడా పోతుంది” అన్నాడు భర్త.

“పన్ను పీకితే చూపు పోతుందిరా, దాని జోలికి పోకండి” అంది అత్తగారు.

ఆమెకు మాత్రం ఎలాగైనా పన్ను దక్కించుకోవాలని ఉంది.

తెనాలిలోని డాక్టరమ్మ ముందు ఆ పెద్దావిడ భయం తీర్చారు. “చూపు నరం వేరు, పళ్ల నరం వేరమ్మా. పన్ను తీసినంత మాత్రాన చూపుకేం కాదు.” తర్వాత ఎక్స్‌రే తీశారు. వేరు కొసన నల్లటి నీడ లేదు.

“పన్ను నిలుస్తుందా మేడమ్?”

“ఇప్పుడే చెప్పలేనమ్మా. పాత ఫిల్లింగూ దాని కింది పుచ్చూ తీశాక చూడాలి. చిగురుకు పైన చుట్టూ రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉంటే క్యాప్ పట్టుకుంటుంది. లేదంటే డబ్బు దండగ.”

మత్తిచ్చి ఫిల్లింగ్ తీశారు. సిల్వర్ ఫిల్లింగ్ పన్నుకు అతుక్కోదు, తొలిచిన గుంతలో బిగిసి కూర్చుంటుందంతే. గుంత ఎంత పెద్దదైతే చుట్టూ గోడలు అంత పలచన. ఏళ్ల తరబడి నమిలే ఒత్తిడంతా వాటి మీదే.

గోడల ఎత్తు సరిపోయింది. ఆమె ప్రాణం కుదుటపడింది. డాక్టరమ్మ మాత్రం అక్కడితో ఆగలేదు. నీలిరంగు మందు చుక్క వేసి, కడిగి, లైటు దగ్గరగా పెట్టారు. పన్ను అడుగు మీదుగా ముందు నుంచి వెనక్కి వెంట్రుకంత నీలి గీత. చిగురు వెంట సన్నటి కొలత కడ్డీ దించుతూ వచ్చారు. అంతటా మూడు మిల్లీమీటర్ల లోపే ఆగిన కడ్డీ, గీతకు ఎదురుగా ఒక్కచోట ఎనిమిది దాకా దిగిపోయింది.

“పగులు వేరులోకి దిగిందమ్మా. ఇలాంటివి ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడవు. రూట్ కెనాల్ లోపలి నరాన్ని తీసి శుభ్రం చేస్తుంది కానీ చీలిన వేరును అతికించలేదు.”

“క్యాప్ వేసి బిగిస్తేనో?”

“కొన్నాళ్లు ఆగొచ్చు. ఈలోగా ఆ సందులో చేరిన క్రిములు ఎముకను కరిగించేస్తే రేపు ఇంప్లాంట్‌కూ చోటుండదు.”

కాసేపు మాట్లాడలేదామె. తర్వాత, “తీసేయండి” అంది.

పుండు మానాక ఆ ఖాళీలో కట్టుడు పన్నో, ఇంప్లాంటో పెట్టించుకోమన్నారు. లేకపోతే పక్క పన్ను ఒరుగుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది.

పీకించడం చవకనో, ఉంచుకోవడమే మేలనో ఇంట్లోనే తేల్చేసుకుని వెళ్లకండి. గట్టి పన్ను ఎంత మిగిలింది? పగులుందా? ఎముక ఎలా ఉంది? ఈ మూడూ అడిగి తెలుసుకోండి. పెద్ద ఫిల్లింగున్న పన్ను కొరికి వదిలినప్పుడు జివ్వుమంటే మాత్రలతో నెట్టుకురావద్దు. పగులు పైపైన ఉండగానే పట్టుకుంటే క్యాప్‌తోనే చాలా పళ్లు దక్కుతాయి.