నీడను నమ్మినవాళ్లు

డాగేర్ అనే ఫ్రెంచి ఆవిష్కర్త కనిపెట్టిన ఫొటో పద్ధతి వివరాలు 1839 ఆగస్టు 19న పారిస్‌లో బయటపెట్టారు. భవనాలు, విగ్రహాలు, కిటికీ పక్కన పేర్చిన వస్తువులు ఆ పద్ధతిలో అద్భుతంగా వచ్చేవి. మనిషి ముఖం వస్తుందా అన్నది మాత్రం డాగేర్‌కే అనుమానం. వెండి పూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పడాలంటే మంచి ఎండలో కూడా నిమిషాల కొద్దీ వెలుతురు తగులుతూ ఉండాలి. రాయి ఎంతసేపైనా కదలకుండా ఉంటుంది. ముఖం ఉండదు.

ఆ ఏడాది ముగియకముందే అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కొర్నీలియస్ అనే ముప్పై ఏళ్ల యువకుడు ఆ అనుమానం తీర్చేశారు. వాళ్లది దీపాలు తయారుచేసే కుటుంబం. లోహానికి వెండి పూత పెట్టడంలో ఆయనది ఆరితేరిన చెయ్యి. దుకాణం వెనక ఆరుబయట కెమెరా పెట్టుకుని, మూత తీసి, తనే దాని ముందుకి వెళ్లారు. ఆ రేకు ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. జుట్టు చెదిరి ఉంది, చేతులు ఛాతీ దగ్గర కట్టుకున్నారు, కోటు కాలరు పైకి లేచి ఉంది. ఫ్రేము మధ్యలో ఉండకుండా ఒక పక్కకి జరిగిపోయారు. కెమెరా వెనక నిలబడి సరిచేసే మనిషి లేకపోవడం వల్లే కావచ్చు. చూపులో కొంచెం జంకు, కొంచెం పట్టుదల కనిపిస్తాయి. ఏ నియమాలూ పుట్టకముందు తీసిన ఆ ముఖం ఇవాళ్టికీ మనల్ని నిలబెట్టేస్తుంది.

తర్వాత కొన్నేళ్లు అందరిదీ ఒకటే ఆరాటం: ఇంకా వెలుతురు కావాలి. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ వాల్కాట్, జాన్ జాన్సన్ కలిసి కెమెరాలోంచి కటకాన్నే తీసేసి, దాని బదులు లోపలికి వంగిన అద్దం పెట్టి ఎక్కువ కాంతిని రేకు మీదికి మళ్లించారు. 1840 మార్చిలో స్టూడియో తెరిచారు. మరుసటి ఏడాది లండన్‌లో రిచర్డ్ బియర్డ్ అదే కెమెరాతో, పాలిటెక్నిక్ భవనం పైకప్పు మీద, గాజు కింద స్టూడియో పెట్టారు. కూర్చున్నవాళ్ల కళ్లకు ఆ ఎండ తట్టుకోలేనిది. అందుకని వెలుతురును నీలం గాజులోంచి వడకట్టి వదిలేవారు. దీనివల్ల రేకుకు పెద్దగా నష్టం లేదు, ఎందుకంటే ఆ కాలపు రేకులకు కనిపించేదే నీలం. ఎరుపు, పసుపు వాటికి దాదాపు చీకటితో సమానం. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

తల కదలకుండా వెనక నుంచి ఇనుప పట్టీ బిగించేవారు. ఫలితం ఎలా ఉండేదో ఊహించవచ్చు. పైనుంచి పడే ఎండకు చిట్లించిన కళ్లు, బిగిసిన మెడ, అన్ని వైపులా సమానంగా వెలిగిపోయి లోతు లేని ముఖం. పోలిక ఉంటుంది, మనిషి ఉండడు.

వెలుతురు కొరత తీర్చే అసలు మార్గం వియన్నాలో దొరికింది. అక్కడి విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు యోజెఫ్ పెట్జ్‌వాల్. అప్పటిదాకా కటకాలు చేసేవాళ్లు గాజు సానపట్టి చూసి, మళ్లీ సానపట్టి చూసి, అనుభవం మీద తయారుచేసేవారు. పెట్జ్‌వాల్ ముందు కాగితం మీద లెక్క కట్టారు. ఒక్కో కిరణం ఒక్కో గాజు ఉపరితలం దగ్గర ఎంత వంగుతుందో గుణించి చూడాలంటే ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆస్ట్రియా సైన్యం ఫిరంగి దళం నుంచి లెక్కలు వచ్చిన మనుషుల్ని ఆయనకు సాయంగా ఇచ్చారు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో గుణించడం నేర్చినవాళ్లు వెలుగు కిరణం ఎక్కడ పడుతుందో గుణించారు. మనిషి ముఖాన్ని ఫొటోకెక్కించిన కటకం వెనక ఫిరంగి దళం ఉందన్న సంగతి నాకు ఎప్పటికీ వింతగానే ఉంటుంది.

1840లో ఆ లెక్క పూర్తయింది. నాలుగు గాజుముక్కల ఆ కటకం డాగేర్ కెమెరాలోని కటకం కంటే పదిహేను రెట్లకు పైగా వెలుతురును లోపలికి రానిచ్చింది. ఫోక్ట్‌లెండర్ సంస్థ దాన్ని తయారుచేసి అమ్మింది. (పెట్జ్‌వాల్‌కూ ఆ సంస్థకూ తర్వాత చెడింది, అది వేరే కథ.) నిమిషాలు సెకన్లలోకి దిగాయి. రేకుకు అయొడిన్‌తో పాటు బ్రోమిన్ ఆవిరి పట్టిస్తే చురుకుదనం పెరుగుతుందని అప్పటికే కొందరు కనిపెట్టారు. రెండూ కలిసి, మనిషి కుదురుగా కూర్చోగలిగినంత సేపట్లో ఫొటో తయారైపోయే రోజు వచ్చింది.

ఆ కటకానికి ఒక లోపం ఉంది. మధ్యభాగం పదునుగా వస్తుంది, అంచుల వైపు పోయేకొద్దీ అలుక్కుపోతుంది. భవనాలు తీసేవాళ్లకు అది పనికిరాదు. ముఖానికి మాత్రం ఆ లోపమే ఆభరణమైంది. కళ్లు పదునుగా నిలుస్తాయి, చెవుల దగ్గరికొచ్చేసరికి గీతలు మెత్తబడతాయి, భుజాలు కరిగిపోతాయి. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు మనం చూసేది కూడా ఇలాగే కదా, కళ్లు చూస్తాం, కోటు గుండీలు చూడం. ఈనాటి ఫోన్లు వెనక దృశ్యాన్ని కావాలని మసకబార్చి చూపే పోర్ట్రెయిట్ మోడ్‌కు మూలపురుషుడు ఈ కటకమే.

వెలుతురు సమస్య తీరింది. కానీ ఎక్కువ వెలుతురు ఉంటే ముఖం బాగా వస్తుందన్న నమ్మకం పోలేదు. దాన్ని వదిలించుకున్న మొదటివాళ్లు స్కాట్లండ్ వాళ్లు, అదీ అనుకోకుండా.

1843 మేలో స్కాట్లండ్ చర్చిలో చీలిక వచ్చింది. నాలుగు వందల మందికి పైగా మతాచార్యులు పాత చర్చిని వదిలి బయటికి నడిచారు. డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అనే చిత్రకారుడు ఆ ఘట్టాన్ని పెద్ద చిత్రంగా వెయ్యాలనుకున్నారు. అన్ని వందల ముఖాలు ఎవరు గీయగలరు? భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ ఆయనకు ఎడిన్‌బరోలోని రాబర్ట్ ఆడమ్‌సన్ అనే కుర్రవాణ్ణి చూపించి, ముఖాలు ఫొటో తీయించుకొమ్మన్నారు. ఆడమ్‌సన్ వాడేది డాగేర్ రేకు కాదు, ఇంగ్లండ్‌లో ఫాక్స్ టాల్బట్ కనిపెట్టిన కాగితపు నెగెటివ్. కాగితం నారలోంచి వెలుతురు వెళ్లి ప్రింటు తయారవుతుంది గనుక సన్న వివరాలన్నీ ఆ నారలో కలిసిపోతాయి. రేకు మీద వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టవచ్చు, కాగితం మీద కుదరదు.

చిత్రకారుడి కన్ను ఆ లోపాన్ని వెంటనే పట్టుకుంది. వివరం రానప్పుడు వెలుగునీడల ముద్దలతోనే పని జరగాలి. కాల్టన్ హిల్ మీద తమ ఇంటి ఆరుబయట, నల్లకోటు పాదిరీలను హిల్ కూర్చోబెట్టిన తీరు చూడండి. కోటంతా నీడలో కలిసిపోతుంది. వెలుతురు నుదుటి మీద ఒకచోట, చేతి మీద ఒకచోట, తెరిచిన పుస్తకం మీద ఒకచోట ఆగుతుంది. అవసరమైన చోట అద్దంతో కొంచెం ఎండను నీడలోకి మళ్లించేవారు. దగ్గర్లోని న్యూహేవెన్ రేవులో చేపలమ్మే ఆడవాళ్లను కూడా తీశారు. చారల పావడాలు, చంకన బుట్టలు, ఎవరికీ తలవంచని నిలబాటు. పెద్దమనుషులకు ఇచ్చిన గౌరవమే వాళ్లకూ ఇచ్చారు. నాలుగున్నరేళ్లలో ఇద్దరూ కలిసి వేల చిత్రాలు చేశారు. 1848 జనవరిలో ఆడమ్‌సన్ 26 ఏళ్లకే చనిపోయారు. హిల్ చిత్రం మాత్రం 1866లో గానీ పూర్తికాలేదు. దాన్ని తలుచుకునేవాళ్లు ఇవాళ తక్కువ. దాని కోసం తీసిన ముఖాలు మాత్రం బతికాయి.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు మీద కొలోడియన్ అనే ద్రవం పూసే పద్ధతిని పేటెంటు తీసుకోకుండా లోకానికి ఇచ్చేశారు. రేకు పదును, కాగితం నెగెటివ్‌లా ఎన్ని ప్రింట్లైనా తీసుకునే వీలు, రెండూ ఒకచోటికి చేరాయి. దాంతో వ్యాపారం ఊపందుకుంది. పారిస్‌లో డిస్‌డేరి అనే ఫొటోగ్రాఫర్ ఒకే ప్లేటు మీద ఎనిమిది చిన్న ఫొటోలు తీసే పద్ధతికి 1854లో పేటెంటు తీసుకున్నారు. నిలువెత్తు మనిషి, పక్కన ఉత్తుత్తి స్తంభం, వెనక తెర, వేలిగోరంత ముఖం. మన ఊళ్లలో పాత స్టూడియోల పూలకుండీలూ గీసిన తెరలూ ఆ వంశానివే. హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పనితనం ఎంతో గొప్పది. సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో ఉండేది. 1892లో అంతఃపుర స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లిషు మహిళ చేతికి అప్పగించారు. అయినా కొలువు ఆయన్ని అడిగింది ఎక్కువగా హోదానే: షేర్వాణీ జరీ, కత్తి, ముత్యాల వరస అన్నీ స్పష్టంగా కనబడాలి. అలాంటి చోట నీడకు చోటు దొరకదు.

నీడకు పూర్తిగా చోటిచ్చిన మనిషి కలకత్తాలో పుట్టారు. జూలియా మార్గరెట్ కామెరాన్, పుట్టింది 1815లో. భర్త చార్లెస్ హే కామెరాన్, మన శిక్షాస్మృతి ముసాయిదా రాసిన మెకాలే లా కమిషన్‌లో సభ్యుడు. ఇంగ్లండ్ తిరిగి వెళ్లి, వైట్ దీవిలోని ఫ్రెష్‌వాటర్‌లో స్థిరపడ్డారు. 1863 చివర్లో కూతురూ అల్లుడూ ఆమెకు ఒక కెమెరా కానుకగా ఇచ్చారు. అప్పటికి ఆమెకు 48 ఏళ్లు. బొగ్గుల కొట్టు డార్క్‌రూమ్ అయింది. కోళ్లగూడు గాజు స్టూడియో అయింది.

ఆ కెమెరాకున్నది పెట్జ్‌వాల్ తరహా ఫ్రెంచి కటకం. నోరు పూర్తిగా తెరిచి వాడితే దానికి లోతు తక్కువ, కన్ను పదునుగా ఉంటే గడ్డం మసకబారుతుంది. మిగతావాళ్లు మరను ఇంకా తిప్పి పదును తెచ్చేవారు. కామెరాన్ తన కంటికి అందంగా కనిపించిన చోట ఆపేసేవారు. ఈ మాట ఆమే తర్వాత రాసుకున్నారు. స్టూడియో గాజుకు తెరలు కట్టి, వెలుతురును ఒక్క పక్క నుంచి మాత్రమే రానిచ్చేవారు. దాంతో ఎక్స్‌పోజర్ మళ్లీ నిమిషాల్లోకి వెళ్లింది. పాతికేళ్లుగా లోకమంతా తగ్గించుకుంటూ వచ్చిన సమయాన్ని ఆమె కావాలని పెంచుకున్నారు. ఆ నిమిషాల్లో మనిషి పెట్టుకున్న ముఖం నిలవదు, సడలిపోతుంది. కొంచెం ఊపిరి కదలిక, కొంచెం అలసట, ఏదో ఆలోచన, అన్నీ ప్లేటు మీదికి చేరతాయి. ఫొటోగ్రఫీ సంఘాల పెద్దలు మసక ఫొటోలని విమర్శించారు. ఆమె లెక్కచెయ్యలేదు.

1867 ఏప్రిల్‌లో ఆమె తన కెమెరా సామగ్రంతా మోసుకుని ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఇంటికి వెళ్లారు. మూడు దశాబ్దాల స్నేహం. ఆమె కలకత్తాలో ఉండగా ఫొటో అంటే ఏమిటో నమూనాలు పంపి చెప్పింది ఆయనే. ప్రింటును నిలబెట్టే హైపో అనే రసాయనం గుణాన్ని 1819లో కనిపెట్టిందీ ఆయనే. ఆయన చేత తల కడిగించి, తెల్లజుట్టు రేగేలా చేశారని చెబుతారు. తలకు నల్ల టోపీ, ఒంటికి నల్ల గుడ్డ. ఒళ్లంతా చీకట్లో కలిసిపోయింది. ఇక మిగిలింది 75 ఏళ్ల ముఖం, దాని చుట్టూ చెలరేగిన తెల్లజుట్టు. వెలుతురు నుదుటి ముడతల్లోంచి దిగి, కనురెప్పల కింది సంచుల దగ్గర ఆగి, చెంప మీదుగా నీడలోకి జారుతుంది. చెమర్చినట్టున్న కళ్లలో చిన్న వెలుగు చుక్క. నలుపు తెలుపు ముఖచిత్రం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. దీన్ని మించింది ఇప్పటిదాకా చూళ్లేదు.

ఆ ముడతలు అంత లోతుగా రావడానికి వెలుతురు ఒక్కటే కారణం కాదు. కొలోడియన్ ప్లేటు కూడా నీలాన్నే చూస్తుంది. మనిషి చర్మంలో ఎరుపు, పసుపు ఛాయలు ఎక్కువ. కాబట్టి ఎర్రబారిన చోటల్లా, మచ్చ ఉన్నచోటల్లా ప్లేటు నల్లబరుస్తుంది. పెదాలు ముదురుతాయి, నీలి కళ్లు పాలిపోతాయి. ముసలి ముఖానికి అది గాంభీర్యం తెచ్చింది. పడుచు ముఖాలకు, మన చామనఛాయ ముఖాలకు అన్యాయం చేసింది. ఉన్న రంగు కంటే నల్లగా వచ్చేవాళ్లం. స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసే పని ఒక వృత్తిగా నిలదొక్కుకోవడానికి ఇదీ ఒక కారణం.

1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ దీనికి మందు కనిపెట్టారు. కొన్ని ప్లేట్లు ఉండకూడని విధంగా ఆకుపచ్చకు స్పందిస్తున్నాయని ఆయన గమనించారు. పూతలో కలిపిన రంగుపదార్థమే కారణమని తేల్చారు. ఏ రంగు కాంతిని ఆ పదార్థం పీల్చుకుంటుందో ప్లేటు ఆ కాంతిని చూడటం మొదలుపెడుతుంది. అలా పసుపు, ఆకుపచ్చ చూడగల ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు వచ్చాయి. 1906లో ఎరుపు కూడా చూడగల పాంక్రొమాటిక్ ప్లేట్లు బజారుకొచ్చాయి. చర్మం నునుపుగా, ఉన్న ఛాయలో రావడం అప్పుడు మొదలైంది.

చిత్రమేమిటంటే, అన్ని రంగులూ చూసే ఫిల్ము వచ్చాక కూడా స్టూడియోల వాళ్లు ఎరుపు చూడని ఆర్థో ఫిల్మును వదల్లేదు. మగవాళ్ల ముఖాలకు కరుకుదనం రావాలంటే అదే వాడేవారు. ఇప్పుడు డిజిటల్ ఫొటోను నలుపు తెలుపుకు మార్చేటప్పుడు ఎరుపు మీట తగ్గించి నీలం మీట పెంచితే కొలోడియన్ ముఖం కొంతవరకు తిరిగొస్తుంది, ఎరుపు పెంచితే మచ్చలు మాయమవుతాయి. ఒక కిటికీ తెరిచి మిగతావి మూసేసి, ఇంట్లో పెద్దవాళ్లెవరినైనా ఆ వెలుతురుకు పక్కగా కూర్చోబెట్టి తీసి, ఆ మీటను రెండు వైపులా జరిపి చూడండి.