వడ్డాణం నుంచి వేయింగ్ మెషిన్ దాకా

మా నాయనమ్మ వడ్డాణం ఇప్పుడు నా దగ్గర ఉంది. లాకర్లోంచి తీసినప్పుడల్లా దాని వెనక మర దగ్గర కలిపిన బిళ్లలు లెక్కపెడతాను. పెళ్ళినాటి బిళ్లలకీ, తర్వాత చేర్చిన బిళ్లలకీ రంగులో చిన్న తేడా ఉంటుంది. రెండో కాన్పు తర్వాత ఒకటి, నాలుగో కాన్పు తర్వాత రెండు అని అమ్మ చెప్పేది. మా ఇంట్లో ఆడవాళ్ల నడుం కొలతకి మొదటి రికార్డు అదే. రెండోది మా ఊరి టైలరు నోటుబుక్కు. జాకెట్టు కుట్టడానికి ఆయన రాసుకున్న అంకెలు చూస్తే ఎవరు ఏ ఏడు ఒళ్లు చేశారో వీధి వీధంతా తెలిసిపోయేది!

బరువు చూసుకోవాలంటే రైల్వేస్టేషనే. రంగు రంగుల లైట్లతో, గిర్రున తిరిగే చక్రంతో ఉండే మెషిన్ గుర్తుందా? నాణెం వేస్తే టిక్కెట్టు పడేది. ఒక వైపు బరువు, రెండో వైపు జాతకం. మేం పిల్లలం బరువు వదిలేసి జాతకమే చదివేవాళ్లం.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, కిందటి దసరాకి మా అమ్మాయి హాస్టల్ నుంచి వస్తూ బ్యాగులో ఒక గాజు పలక తెచ్చింది. చెప్పులు లేకుండా దాని మీద నిలబడితే బరువే కాకుండా ఒంట్లో కొవ్వు ఎంత శాతమో కూడా ఫోన్లో చూపిస్తుంది. నన్ను ఎక్కించింది. 36.8 వచ్చింది. ఎర్ర గీత. తనకి 24.1.

"దీన్ని 18కి తేవాలమ్మా" అంది.

తేవడమంటే ఏమిటో రెండు రోజుల్లో అర్థమైంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మెషిన్ ఎక్కుతోంది. రాత్రి అన్నం మానేసింది. పండక్కి చేసిన బొబ్బట్టులో పావు ముక్క తుంచి మిగతాది తమ్ముడి కంచంలో వేసింది. మూడో రోజు బట్టలు మడతపెడుతుంటే పక్కకొచ్చి నెమ్మదిగా చెప్పింది, రెండు నెలలుగా నెలసరి రాలేదని. గుండె జారిపోయింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళడం ఎలాగూ తప్పదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక మావారి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఈ 18, ఈ 36.8 ఎవరు పెట్టిన లెక్కలో తెలుసుకోవాలనిపించింది. ఒక రాత్రి అనుకున్నది నెల రోజులు పట్టింది.

అన్నిటికంటే ముందు వచ్చింది బి.ఎం.ఐ. దాని పుట్టుకే తమాషాగా ఉంది. బెల్జియంలో అడాల్ఫ్ క్వెట్లే అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. నక్షత్రాలతో పాటు మనుషులనీ లెక్కల్లో పెట్టాలని చూశాడు. పెద్దవాళ్లలో బరువు దాదాపు ఎత్తు వర్గానికి తగినట్టు పెరుగుతుందని 1830ల్లో తేల్చాడు. ఆయన వెతికింది 'సగటు మనిషి' ఎలా ఉంటాడని. లావు, సన్నం అన్న గొడవే ఆయనకి లేదు. నూట నలభై ఏళ్లకి, 1972లో, అమెరికాలో ఆన్సెల్ కీస్ బృందం ఆ పాత సూత్రాన్నే దుమ్ము దులిపి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది. ఐదు దేశాల్లో ఏడు వేలకు పైగా మనుషుల కొలతలు చూశారు. ఆ ఏడు వేలలో ఒక్క ఆడమనిషి లేదు! మనందరినీ తూస్తున్న కొలబద్ద అది.

బరువు వేరు, కొవ్వు వేరు అని గట్టిగా చూపించినవాడు ఆల్బర్ట్ బెంకీ. అమెరికా నౌకాదళంలో డాక్టరు. సముద్రం అడుగుకి దిగే గజ ఈతగాళ్ల ఆరోగ్యం చూడటం ఆయన పని. 1942లో పాతికమంది ఫుట్‌బాల్ ఆటగాళ్లని పరీక్షించాడు. అప్పటి ఇన్సూరెన్సు పట్టికల ప్రకారం వాళ్లలో ఎక్కువమంది స్థూలకాయులే. ఆయన వాళ్లని ముందు గాలిలో తూచాడు, తర్వాత నీళ్లలో ముంచి తూచాడు. కొవ్వు నీళ్లకంటే తేలిక, కండ నీళ్లకంటే బరువు. పాల మీద మీగడ తేలడం, పప్పు కడిగితే అడుక్కి దిగడం రోజూ చూసేవాళ్లం, మనకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. నీళ్లలో ఆ ఆటగాళ్లు బాగా బరువు తూగారు. అంటే ఆ బరువంతా కండ.

నీళ్లలో తూచిన బరువు నుంచి శాతం తీసే సూత్రం విలియం సిరి అనే బర్క్‌లీ భౌతిక శాస్త్రజ్ఞుడిది. (ఈయన పర్వతారోహకుడు కూడా. 1963లో ఎవరెస్టు ఎక్కిన అమెరికా బృందానికి ఉపనాయకుడు.) 495ని ఒంటి సాంద్రతతో భాగించి 450 తీసేయాలి. సాంద్రత 1.03 ఐతే కొవ్వు 30.6 శాతం. 1.02 ఐతే 35.3. చూశారా, నూరో వంతు తేడా వస్తే దాదాపు ఐదు శాతం మారిపోతుంది! పైగా కొవ్వు కానిదంతా అందరిలోనూ ఒకే సాంద్రతతో ఉంటుందని ఒక ఊహ. ఎముకలు గుల్లబారిన మా అత్తయ్యగారికీ, ఇరవై ఏళ్ల పిల్లకీ ఒకే లెక్క అన్నమాట. 1963లో జోసెఫ్ బ్రోజెక్, ఆయన తోటివాళ్లు ఇంకో సూత్రం ఇచ్చారు. దాని వెనక ఉన్న ప్రామాణిక శరీరం మూడు మగ శవాల విశ్లేషణ మీద కట్టింది. ఇది చదివిన రోజు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంట్లో ఎవరూ నీళ్ల తొట్టెలో మునిగి తూచుకోలేరు కదా. అందుకని చర్మాన్ని మడిచి పట్టుకునే కాలిపర్ వచ్చింది. చూడటానికి చిన్న పటకారులా ఉంటుంది. ఇంగ్లండులో హార్పెండెన్ అనే ఊళ్లో పిల్లల ఎదుగుదల మీద జేమ్స్ టానర్ చేసిన పరిశోధన కోసం తయారైన కాలిపర్‌కి ఆ ఊరి పేరే నిలిచిపోయింది. ఎంత తెరిచినా చదరపు మిల్లీమీటరుకి పది గ్రాముల ఒత్తిడి మారకూడదు, దాని గొప్పతనం అదే. 1974లో గ్లాస్గోలో డర్నిన్, వొమర్స్‌లీ 481 మందిని చేతి ముందు, చేతి వెనక, వీపు మీద, నడుం పైన, నాలుగు చోట్ల కొలిచి పట్టికలు వేశారు. అందులో 272 మంది ఆడవాళ్లు. హమ్మయ్య, ఇన్నాళ్లకి మనల్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు అనుకున్నాను.

ప్లాస్టిక్ కాలిపర్ ఒకటి నేనూ తెప్పించాను. మావారిని పట్టుకోమంటే ఒకసారి 19 మిల్లీమీటర్లు, అదే చోట మళ్లీ 26. కండతో కలిపి పట్టుకున్నారు పాపం. అది చేయి తిరిగినవాళ్ల పని. ఇప్పుడది మా వంటింట్లో చిప్స్ ప్యాకెట్లకి క్లిప్పుగా పనికొస్తోంది.

ఇక గాజు పలక. ఫ్రాన్సులో థొమాసే అనే డాక్టరు 1962లో ఒంట్లోకి రెండు సూదులు గుచ్చి, సన్నటి కరెంటు పంపి, ఒంట్లో నీరెంతో అంచనా కట్టవచ్చని చూపించాడు. నీరున్న కండలోంచి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వు అడ్డుకుంటుంది. తర్వాత సూదులు పోయి పైన అంటించే పట్టీలు వచ్చాయి. 1992లో జపాన్‌లో తనిత కంపెనీ పాదాల కింద లోహపు పలకలు పెట్టి, నిలబడితే చాలు అనిపించింది. అక్కడి నుంచి ఇళ్లల్లోకి వచ్చేసింది. కరెంటు మనకి తెలియనంత సన్నం. అయినా గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు ఎక్కకూడదు. కడుపుతో ఉన్నవాళ్లూ ఎక్కవద్దనే తయారుచేసేవాళ్లు రాస్తారు.

అసలు గుట్టు ఇక్కడుంది. పాదాల నుంచి వెళ్లే కరెంటు ఎక్కువగా కాళ్లలోనే తిరిగి వచ్చేస్తుంది. పొట్ట సంగతి దానికి పెద్దగా తెలియదు. అది కొలిచేది అడ్డంకిని. శాతం మాత్రం మనం ఫోన్లో నింపిన వయసు, ఎత్తు, ఆడా మగా కలిపి సూత్రం వేసి చెబుతుంది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నా వయసు 48 తీసి 28 అని పెట్టాను. కొవ్వు తగ్గింది! మగ అని పెట్టాను. ఇంకా బాగా తగ్గింది. రెండు నిమిషాల్లో ఇంత కొవ్వు కరిగించుకున్నదాన్ని నేనే అయ్యుంటాను. అమ్మాయిని పిలిచి తన కళ్ల ముందే మళ్లీ చేశాను. మొదట నవ్వింది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

పొద్దున, రాత్రి అంకెల్లో రెండు మూడు శాతాలు ఎందుకు ఊగుతాయో కూడా అప్పుడే చెప్పాను. నీళ్లు తాగినా, తాగకపోయినా, వ్యాయామం చేసినా, నెలసరి ముందు ఒంటికి నీరు పట్టినా అంకె మారుతుంది. మడమలు పగిలి చర్మం మొద్దుబారినా తేడా వస్తుంది. మరి ఎక్కాలనుకుంటే ఎలా? వారానికి ఒకసారి, పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, గట్టి నేల మీద పెట్టి, ఉత్తి కాళ్లతో, ఒకే మెషిన్ మీద. ఒక్కరోజు అంకె చూడకూడదు. రెండు మూడు నెలల్లో ఎటు పోతోందో చూడాలి. మెషిన్ మారిస్తే పాత లెక్కలతో పోల్చకూడదు.

18 సంగతి. మనిషి బతకడానికి తప్పనిసరిగా ఉండాల్సిన కొవ్వు మగవాళ్లలో మూడు శాతం, ఆడవాళ్లలో పన్నెండు అని బెంకీయే లెక్కకట్టాడు. బిడ్డని మోసే ఒంటికి దాచుకోవడం అవసరం. ఆయన నమూనా స్త్రీకి మొత్తం 27 శాతం ఉంది. 1974లో హార్వర్డులో రోజ్ ఫ్రిష్ నెలసరి మొదలవడానికి 17, ఆగకుండా సాగడానికి 22 శాతం కొవ్వు కావాలని రాసింది. ఆ గీతలు అంత కచ్చితం కావని తర్వాత చాలామంది వాదించారు. శాతం కంటే తిండి చాలకపోవడమే అసలు కారణమన్నారు. ఎలా చూసినా మా పిల్ల 24.1ని తప్పుగా చూసే పనే లేదు. డాక్టరమ్మ కూడా మిగతా పరీక్షలన్నీ చేయించి, రాత్రి అన్నం మానడం ఆపమంది.

నా 36.8 అంత తేలిగ్గా పోలేదు. మా అమ్మ ఎప్పుడూ సన్నమే. "నీకేం వదినా, గాలికి ఎగిరిపోయేట్టున్నావు, నీకు షుగరేంటి" అనేవాళ్లు అందరూ. ఎవరూ పరీక్ష చేయించలేదు. కాలి వేలికి తగిలిన పుండు మానకపోతే అప్పుడు బయటపడింది. అప్పటికి కళ్లు కూడా దెబ్బతిన్నాయి. చీర కుచ్చిళ్ల వెనక చిన్న పొట్ట ఉండేది, అంతే. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ఫోటో చూసి అమ్మే గుర్తొచ్చింది. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. మన ఒళ్లు సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాచుకుంటుంది. ఎక్కడ దాచుకుందనేది ముఖ్యం. ఈ మాట 1947లోనే మార్సే డాక్టరు జాన్ వాగ్ చెప్పాడు. తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వుకంటే నడుం పైన చేరే కొవ్వుతోనే షుగరు వంటివి ఎక్కువన్నాడు. ఆయన మాట పట్టించుకోవడానికి వైద్యలోకానికి మూడు దశాబ్దాలు పైగా పట్టింది.

దానికి కావాల్సిన పరికరం మా కుట్టుమిషను సొరుగులో ఎప్పటినుంచో ఉంది. గుడ్డ టేపు పాతబడితే సాగుతుంది, అందుకని ముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూశాను. ఐదు మిల్లీమీటర్లు సాగింది. పారేసి కొత్తది కొన్నాను. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, చర్మానికి ఆనించి, బిగించకుండా, మామూలుగా గాలి వదిలాక చూడాలి. లంగా బొందు గీత దగ్గర కాదు, అది ఎక్కడ కడితే అక్కడే ఉంటుంది. మన దేశపు ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. నాది 91.

మర్నాడే షుగరు పరీక్ష చేయించుకున్నాను. ఇంకా షుగరు అనలేదు, అంచున ఉన్నానన్నారు. సాయంత్రం సీరియల్ టైముకి నడకకి వెళ్తున్నాను. రాత్రి అన్నం సగం చేసి కూర, పప్పు పెంచాను. అమ్మాయి నాతోపాటు కూర్చుని రెండు పూటలా తింటోందని మావారు చాటుగా లెక్కపెట్టేవారు. సంక్రాంతికి వచ్చినప్పుడు "వచ్చిందమ్మా" అని చెప్పింది. గాజు పలక మంచం కింద ఉంది, బ్యాటరీలు రిమోట్‌లోకి పోయాయి.

ఫిబ్రవరిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వడ్డాణం తీశాను. మర అందడానికి ఇంకా రెండు వేళ్ల దూరం ఉంది. బిళ్ల కలిపిద్దామా అని మావారు అడిగారు. ఇప్పుడే వద్దన్నాను. అమ్మాయి నడుముకి పెట్టి చూస్తే జారి తుంటి మీద కూర్చుంది. పట్టుచీర మీద దారంతో ముడేసి కట్టాను. నిన్న ఆదివారం టేపు పెడితే 88 వచ్చింది, క్యాలెండరు మీద పాలవాడి లెక్క పక్కన రాసుకున్నాను.