పళ్ళు జివ్వుమంటే వయసు మీద నెట్టేయకండి

చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటాయి. పుల్లటిది తిన్నా అంతే, తీపి తిన్నా అంతే. మన ఆడవాళ్ళు దీన్ని ఎవరికీ చెప్పుకోరు. ఐస్‌క్రీమ్ మానేస్తారు, ఆ వైపు నమలడం మానేస్తారు, "వయసు వస్తోంది కదా" అని సర్దుకుంటారు. అసలు ఈ జివ్వుమనడం ఏమిటా అని చదవడం మొదలుపెడితే, దీని వెనక మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉందని నాకు తెలిసింది.

హాలండ్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో లీవెన్‌హుక్ అని ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. తనే నూరుకున్న చిన్న చిన్న అద్దాల్లోంచి కనిపించినదల్లా చూసేవాడు. అలాగే పంటి ముక్కనీ చూశాడు. రాయిలా కనిపించే పన్ను నిండా వెంట్రుక కన్నా సన్నని గొట్టాలు! ఆ సంగతి 1678లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. పంటి పైన ఉండే గట్టి పొర ఎనామిల్. దాని కింద ఉండే డెంటిన్‌లోనే ఈ గొట్టాలు ఉంటాయి. అవి లోపల నరం ఉన్నచోటి దాకా వెళతాయి.

మరి చల్లదనం నరానికి ఎలా తెలుస్తుంది? ఆ గొట్టాల్లోని ద్రవం కదలడం వల్లే నొప్పి అని 1900లో గైసీ అనే స్విట్జర్లాండ్ దంతవైద్యుడు రాశాడు. 1960లలో స్వీడన్‌కు చెందిన బ్రాన్‌స్ట్రమ్ ప్రయోగాలు చేసి దానికి బలం చేకూర్చాడు. చల్లదనం, తీపి, గాలి ఏది తగిలినా ఆ ద్రవం కదులుతుంది, నరం ఉలిక్కిపడుతుంది. అంటే పన్ను బలహీనపడిందని కాదు, గొట్టాల మూతులు తెరుచుకున్నాయని అర్థం.

వాటిని తెరిచేది చాలావరకు మన చేతులే. మన పెద్దవాళ్ళు కచ్చికతో, బొగ్గుతో, ఇటుక పొడితో తోముకున్నారు. ఇత్తడి చెంబులాగే పన్ను కూడా ఎంత రుద్దితే అంత మెరుస్తుందని మన నమ్మకం. ఆ గరుకుకి ఎనామిల్ అరుగుతుంది, చిగురు కిందికి జారుతుంది. చిగురు కింద ఉండే పంటి వేరుకు ఎనామిల్ రక్షణ ఉండదు. 1938లో అమెరికాలో నైలాన్ బ్రష్ వచ్చింది. మొదట్లో దాని కుచ్చు కూడా గట్టిగానే ఉండేది, మెత్తటివి తరవాత వచ్చాయి. బ్రష్ మారినా, బలంగా రుద్దే చెయ్యి మాత్రం చాలా ఇళ్ళలో మారలేదు.

చింతకాయ తింటే "పళ్ళు పులిశాయి" అంటాం చూడండి. పులుపు తగిలినప్పుడు ఎనామిల్ కాసేపు మెత్తబడుతుంది. అప్పుడే తోమితే ఇంకా అరుగుతుంది. అందుకే నోరు పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి. వేవిళ్ళతో వాంతులయ్యే అమ్మాయిలకి ఇది మరీ ముఖ్యం. వాంతి కాగానే బ్రష్ పట్టుకోకుండా, గ్లాసు నీళ్ళలో చెంచా వంట సోడా కలిపి పుక్కిలించి ఉమ్మేస్తే మంచిది.

ఈ నొప్పి కోసమే ప్రత్యేకంగా 1961లో స్ట్రాన్షియం క్లోరైడ్‌తో సెన్సోడైన్ పేస్టు వచ్చింది. 1974లో హోడోష్ అనే అమెరికా దంతవైద్యుడు పొటాషియం నైట్రేట్ పనిచేస్తుందని రాశాడు. అదేమిటో తెలుసా? మతాబుల మందులో వేసే మన సురేకారం! అలాగని సురేకారం కొని పళ్ళకి రుద్దకండి. పేస్టులో కొలత ప్రకారం కలుపుతారు. ఇలాంటి పేస్టు రెండు రోజుల్లో గుణం చూపించదు. మెత్తటి బ్రష్‌తో రోజూ రెండు పూటలా వాడితే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మానేస్తే నొప్పి మళ్ళీ రావచ్చు.

ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. చల్లటిది తగిలినప్పుడు జివ్వుమని వెంటనే పోతే అది ఈ బాధే కావచ్చు. ఒకే పన్ను లాగుతున్నా, నొప్పి చాలాసేపు నిలిచినా, నమిలితే నొప్పి పుట్టినా, రాత్రి నిద్ర లేపినా పుచ్చో పగులో ఉండొచ్చు. అప్పుడు లవంగం పెట్టుకుని నెట్టుకురాకుండా దంతవైద్యుల దగ్గరకు వెళ్ళాలి. పిల్లలకి పన్ను నొప్పంటే ఆ సాయంత్రమే తీసుకెళతాం. మన పంటికీ ఆ పాటి విలువ ఇద్దాం.