ధ్వనివర్ధకమునకు నిలకడ వోల్టేజి ఎంతవరకు అవసరము?

సత్తుపల్లి వంటి ఊరిలో శ్రీరామనవమి పందిట మైకు పెట్టువారు వక్త గొంతు కంటె ముందు కరెంటు సంగతి చూచుకొందురు. లైను చివర 230 వోల్టులు 180కి దిగినవనుకొందము. ఆంప్లిఫయరు గతి ఏమి?

తొలినాటి వాల్వు ఆంప్లిఫయర్లకు ఈ చిక్కు లేదు. అవి బాటరీలతో నడచినవి. ఇంటి కరెంటుతో నడుపసాగిన తరువాత గుయ్యిమను రొద బయలుదేరినది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది గనుక, దానిని రెక్టిఫయరు ఏకముఖము చేసినపుడు సెకనుకు 100 మార్లు ఎగుడుదిగుడులు మిగులును. చోకు, కండెన్సరు వానిని చదును చేయును. కాని చదును చేయుట వేరు, నిలకడగా ఉంచుట వేరు. సరఫరా తగ్గిన, చదునైన వోల్టేజియు తగ్గును.

నిలకడకై వాయువు నింపిన గాజు నాళములు వచ్చినవి. 105, 150 వోల్టులను అవి చక్కగా నిలుపగలవు. అయితే కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లకు మించి ఓపలేవు. ట్రాన్సిస్టర్లు వచ్చిన పిమ్మట భారీ ప్రవాహమును సైతము అదుపు చేయుట సులువైనది. 1967లో ఇంగ్లండులోని పీటర్ వాకర్ సంస్థ తన క్వాడ్ 303లో నిలకడ సరఫరానే అమర్చినది. విచిత్రమేమనగా, అదే సంస్థ 1975 నాటి క్వాడ్ 405లో దానిని తీసివేసి, ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫయరు, పెద్ద కండెన్సర్లతో సరిపెట్టినది!

ఇది వెనుకంజ కాదని నా అభిప్రాయము. 1927లో హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టిన ఋణ పునర్నివేశము, అనగా ఫలితములో కొంత భాగమును ఎదురు తిప్పి మొదటికి పంపు పద్ధతి, సరఫరాలోని అలజడిని చాలవరకు తానే అణచివేయును.

ఇక లెక్క చూడుడు. నిలకడ లేని 50 వోల్టుల సరఫరా, మన ఊరి 180 వద్ద, 39 వోల్టులగును. గరిష్ఠ శక్తి 61 శాతమునకు పడిపోవును; డెసిబెళ్లలో ఇది సుమారు రెండే. చెవికి పెద్ద లోటు కాదు. అదే 50ని 180 వద్ద కూడ నిలుపవలెనన్న, నియంత్రణ ట్రాన్సిస్టరుకు ముందు 53 వోల్టులైన ఉండవలెను. లైను 230కి చేరినపుడు అవి 68 అగును. మిగులు 18 వోల్టులు, 3 ఆంపియర్ల వద్ద, 54 వాట్ల వేడిగా ఆ ట్రాన్సిస్టరు నెత్తిన పడును. ఎండకాలపు పందిట ఇది చిన్న భారమా?

మైకు నుండి వచ్చు మిల్లీవోల్టుల సంకేతమును పెంచు తొలి అంచె సంగతి వేరు. అచట రవంత అలజడియు వందల రెట్లు పెరిగి వినవచ్చును గనుక, జీనర్ డయోడుతో దాని సరఫరాను నిలకడ చేయుదురు. దానికి కావలసినది కొద్ది మిల్లీ ఆంపియర్లే, వేడియు స్వల్పమే.