రాగాల గ్రంథం, రబాబీల గానం

1604లో గురు అర్జున్ దేవ్ సంకలనం చేయించిన ఆదిగ్రంథంలో కీర్తనల అమరిక ప్రధానంగా రాగాలను బట్టి జరిగింది. తర్వాత గురు తేగ్ బహదూర్ కీర్తనలతో చేరిన జైజావంతితో కలిపి రాగాలు మొత్తం 31. ఈ అమరిక వల్లనే పాక్‌పట్టన్ సూఫీ హజ్రత్ బాబా ఫరీద్ పేరిట ఉన్న నాలుగు కీర్తనలు ఒకచోట లేవు. రెండు ఆసా రాగంలోనూ, రెండు సూహీలోనూ గురువుల కీర్తనలతోపాటే చోటుచేసుకున్నాయి. (ఆయన శ్లోకాలు మాత్రం రాగాలన్నీ ముగిసిన పిదప వస్తాయి.)

అయితే గ్రంథంలో రాగం పేరే గాని స్వరాలు వ్రాసి లేవు. బాణీని ఉస్తాదు నోట విని నేర్వవలసిందే! అట్లా నేర్చి నిలిపినవారిలో ముస్లిం రబాబీలు ముఖ్యులు. గురునానక్ వెంట తిరిగి రబాబ్ వాయించిన భాయీ మర్దానాను వారు తమ మూలపురుషునిగా చెప్పుకొంటారు. అమృత్‌సర్ హర్‌మందిర్‌లో తరతరాలుగా కీర్తన పాడిన ఈ కుటుంబాలు 1947 విభజనలో పాకిస్తాన్‌కు తరలిపోవలసి వచ్చింది. అక్కడ కొందరు బ్రతుకుతెరువుకు ఖవ్వాలీ పాడసాగారు.