యెర్రగుంట్ల పేరయ్య

తెలుగు బాప్టిస్టు క్రైస్తవుల తొలి తరం సువార్తికుడు. ఒంగోలు ప్రాంతంలోని తాళ్లకొండపాడు మాదిగపల్లె వాసి. వృత్తి తోళ్ల వ్యాపారం. క్రైస్తవుడు కాకముందే గురువుల దగ్గర యోగసాధన చేసి, తన వాళ్లలో బోధకుడిగా పేరు తెచ్చుకున్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత బంధుత్వాలే దారిగా పల్లెపల్లెకూ నడిచి తన నమ్మకాన్ని చెప్పాడు.

1867 జనవరిలో మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ తాళ్లకొండపాడుకు వెళ్లేసరికే వినేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్ర పుస్తకాలు ఒంగోలు ప్రాంతంలో జరిగిన ఈ సామూహిక మతమార్పిడి ఉద్యమానికి క్లౌ పేరే ముందు పెడతాయి గానీ, పునాది వేసినవాడు పేరయ్యే. తర్వాతి ఏళ్లలో వచ్చిన కరువు కాలంలో క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.