చిరిగిన చోటే అతుకు

"అన్నా, ఓపెన్ సోర్స్‌లో మొదటి ప్యాచ్ దేనికి పంపమంటావు?" అని మా టీంలో కొత్తగా చేరిన తమ్ముడొకడు అడిగాడు. రెజ్యూమెలో లైనక్స్ కెర్నెల్ పేరుంటే బావుంటుందని వాడి ఆశ. ఒకప్పుడు నాదీ అదే ఆశ లెండి. ఓ పెద్ద ప్రాజెక్టు కోడు దించుకుని, మూడు నెలల శని, ఆదివారాలు తగలేసి, ఒక్క లైను కూడా పంపకుండా మూసేశాను. ఎందుకంటే దాంతో నాకు పడ్డ ఇబ్బందేమీ లేదు, ఇక బాగుచేసేదేముంది!

మన తెలుగు సంగతే చూడండి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుంది. అయినా 2000ల మొదట్లో మన పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళదే. ఆ ఫాంటు లేకపోతే తెరమీద పిచ్చిగీతలే. వెన్న నాగార్జున గారు దీనికోసం బ్రౌజరు మొత్తం తిరగరాయలేదు. ఆ ఫాంట్ల తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ని ఫైర్‌ఫాక్స్‌కి రాశారు, అంతే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిందీ ఆయనే.

ఆ పద్మ కోడు ఆధారంగానే వీవెన్ గారి 'లేఖిని' వచ్చింది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతేమో అంతకుముందే రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు తయారుచేసిన ఆర్టీయస్. ఒకరు పద్ధతి, ఒకరు కోడు, ఒకరు పేజీ.. ఎవరికి కనబడ్డ చిరుగుకి వాళ్ళు అతుకు వేశారు. తెలుగు కీబోర్డు ముట్టుకోని మనలాంటివాళ్ళెందరో ఆ దారినే తెలుగులో రాశారు.

ఇక నా మొదటి ప్యాచ్ సంగతి. మాది నూజెండ్ల. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, మేము గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాకి మారాం. నేను వాడే ఓ చిన్న లైబ్రరీలో మాత్రం ఇంకా 13 జిల్లాలే! అడ్రసు ఫారంలో మా ఊరికి మా జిల్లా దొరకదు. జాబితా సరిచేసి, మండలాలు ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపాను. తీసుకున్నారు. అందులో అల్గారిథమ్ ఏమీ లేదు. కానీ ఆ తప్పు తప్పని చూడగానే తెలిసింది నాకే, మా ఊరివాణ్ణి కాబట్టి.

తమ్ముడికి అదే చెప్పాను. "పేరున్న ప్రాజెక్టు వెతక్కు. రోజూ వాడేవాటిలో నిన్ను విసిగించేదేదో చూడు."

మరి మిమ్మల్ని విసిగిస్తున్నదేమిటి?